నాలుగో ఇంటిపేరు

"మీరేమోళ్లు?"

ఈ ఒక్క ప్రశ్నకు జడిసి నా సగం బతుకు గడిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇల్లు దొరకదు. అబద్ధం చెప్తే నిద్ర పట్టదు. 1986లో హైదరాబాదులో బీఎడ్ చదివేటప్పుడు కిరాయి గది కోసం ఒక ఇంటి ముందర నిలబడి, ఇంటావిడ అడిగితే వేరే కులం పేరు చెప్పిన. ఆ గదిలో పదకొండు నెలలున్న. మా అమ్మ చూడటానికి వస్తానంటే వద్దన్న. ఆమె మాటా, ఆమె కట్టూ చూస్తే నేను దొరికిపోతానని భయం. మాదిగ తల్లి కడుపున పుట్టి, ఆ తల్లినే దాచిపెట్టిన. నా జన్మలో ఇంతకన్న నీచమైన పని ఇంకోటి చెయ్యలేదని చాలా ఏండ్లు అనుకున్న.

ఇంకోటి కూడా చేసిన. అది నాకు మా ఊర్లో తెలియలేదు. మీటింగుల్లో తెలియలేదు. అమెరికాలో, అరిజోనా ఎడారిలో, ఒక నవాహో ముసలవ్వ దగ్గర ఒక్క రాత్రి పండుకున్నప్పుడు తెలిసింది. ఆ రాత్రి సంగతే రాస్తున్న.

నా కొడుకు ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తడు. నేను రిటైరయినంక వాడు పిలిపిస్తే పోయిన. మే నెల. మన రామగుండం ఎండను మించిన ఎండ. "నాయినా, గ్రాండ్ కాన్యన్ చూపిస్త పా" అన్నడు. "లోయలు తర్వాత చూద్దాం తియ్. ఆ భూమి ఎవలదో వాళ్లను చూపియ్యి" అన్న. ముప్ఫై ఏండ్లు సోషల్ పాఠం చెప్పిన. కొలంబస్ అమెరికాను కనుగొన్నాడని పిల్లల చేత వల్లె వేయించిన నోరు ఇది. ఆ పాపం కొంచెమన్న కడుక్కుందామని.

నవాహోల్లో కొన్ని కుటుంబాలు తమ ఇంటి పక్కనున్న హోగన్‌ను వచ్చినవాళ్లకు రాత్రికి ఇంత అని ఇస్తయి. హోగన్ అంటే వాళ్ల పాతకాలపు ఇల్లు. రాత్రి బువ్వ, పొద్దున నాష్టా, కూసుంటే నాలుగు మాటలు. వాడు అట్లాంటిదొకటి మాట్లాడిండు. నాకు సంతోషం కంటె ముందు అనుమానం వచ్చింది. పైసలిచ్చి ఒకళ్ల ఇంట్లకు పోయి వాళ్ల బతుకు చూసి వచ్చుడేంది?

మా తాత డప్పు కొట్టేటోడు. దొర ఇంట్లో చావయినా పెండ్లయినా, ఊరి దేవర కొలుపయినా మాకు పిలుపు రాదు, కేక వస్తది. కేక వచ్చినంక పోవాల్సిందే. పానం బాగలేదని చెప్పే దిక్కు లేదు. ఇప్పుడు అదే డప్పును మంత్రి కారు దిగేటప్పుడు కొట్టిస్తున్నరు. గజ్జెలు కట్టిస్తున్నరు, ఫోటోలు దిగుతున్నరు. దాన్ని కళ అంటున్నరు. మరి నేను డాలర్లు పట్టుకొని నవాహోల ఇంటికి పోతే, కుర్చీలో కూసోని డప్పు చూసే దొరకూ నాకూ తేడా ఏమున్నది? ఈ ప్రశ్నను జేబులో పెట్టుకొనే కారెక్కిన.

ఫ్లాగ్‌స్టాఫ్ దాకా దేవదారు లాంటి చెట్లు, చల్లగాలి. అక్కడి నుంచి ఉత్తరానికి మళ్లి దిగితే చెట్టు మాయం. ఎర్రమన్ను, ఎర్రరాయి, మీద ఆకాశం. నవాహో నేషన్ మూడు రాష్ట్రాల మీద పరుచుకొని ఉన్నది, సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో సగానికి ఎక్కువే. కాయెంటా దాటినంక మాన్యుమెంట్ వ్యాలీ వైపు రాతి గుట్టలు ఒంటరిగా లేచి నిలబడి ఉంటయి. వాటిని సినిమాల్లో చూసిన. కౌబాయిలు గుర్రాల మీద పోతుంటే వెనక కనిపించే గుట్టలివే. సినిమాలో కౌబాయి ఉన్నడు, గుర్రం ఉన్నది. ఆ గుట్టల కింద ఉండే మనుషులు మాత్రం బాణం తగిలిచ్చుకొని పడిపోయేటందుకే ఉన్నరు.

తారురోడ్డు వదిలి మట్టిబాటన పోతే గొర్రెల దొడ్డి, ఒక చిన్న ఇల్లు, పక్కన హోగన్. ఎనిమిది మూలలు, దుంగల గోడలు, పైన మట్టి కప్పు, తూర్పు ముఖం తలుపు. అవ్వకు ఎనభై ఏండ్లుంటయి. మఖమల్ రవిక, పొడుగు లంగా, మెడలో నీలిరాళ్లు, వెనక ముడి వేసి తెల్ల ఉన్ని దారంతో కట్టిన జుట్టు. తోడుగా మనుమరాలు. నవాహోలు తమకు తామే 1968లో పెట్టుకున్న డినే కాలేజీలో చదువుతున్నది. డినే అంటే వాళ్ల మాటలో మనుషులు, జనం. నవాహో అన్నది పైనోళ్లు పెట్టిన పేరు. అవ్వ తన మాటలో చెప్తది, పిల్ల ఇంగ్లీషులో చెప్తది.

నేను అలవాటుగా గడప దగ్గరనే ఆగిన. ఎవరూ ఆపలేదు, కాలు దానంతట అదే ఆగింది. పిల్ల లోపలికి రమ్మన్నది. ఎడమకు తిరిగి, పొద్దు తిరిగినట్టు చుట్టు తిరిగి పోవాలెనట. తలుపుకు ఎదురుగా పడమటి పక్కన కూసోబెట్టింది. అది మర్యాద జాగ అని కొడుకు చెవిలో చెప్పిండు.

చేతులు కడుక్కోవటానికి నీళ్లు తెచ్చింది. నేను దోసిలి పట్టిన. ఆ పిల్లకు అర్థం కాలేదు. నవ్వి, చెంబు నా చేతికిచ్చింది.

చిన్నప్పుడు మా ఊరి బాయి కాడ ఎవరన్న దయతలచి పైనుంచి పోస్తే దోసిట్లో పట్టుకొని తాగేటోళ్లం. అరవై దాటినా చేతులు మరువలేదు.

ఆ చెంబు నీళ్లు కూడా దూరం నుంచి వచ్చినవే. ఇంటి ముందర పికప్ బండి మీద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు. వారానికి రెండు మూడు సార్లు పోయి నింపుకొని రావాలె. నవాహో నేషన్‌లో దాదాపు మూడోవంతు ఇండ్లకు నల్లా లేదు. దగ్గర్లో బాయి లేదా అని అడిగిన. ఉన్నది, కాని తాగొద్దన్నరు అన్నది పిల్ల. 1944 నుంచి 1986 దాకా ఈ నేల నుంచి దాదాపు మూడు కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వుకపోయిండ్రు. అణుబాంబుల కోసం. ఐదు వందలకు పైగా గనులను అట్లనే వదిలేసి పోయిండ్రు. గనిలో పనిచేసిన మొగోళ్లు ఆ దుమ్ము బట్టలతోనే ఇంటికి వచ్చేటోళ్లు. అవ్వ అన్న ఊపిరితిత్తులు చెడి పోయిండు.

1868 జూన్ 1న అమెరికా ప్రభుత్వం నవాహోలతో ఒప్పందం రాసుకున్నది. ఈ నేల మీదిదే అన్నది. నేల ఇచ్చినప్పుడు నీళ్లు కూడా చూపియ్యాలె గదా అని వీళ్లు కోర్టుకు పోయిండ్రు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒక పక్క, నలుగురు ఒక పక్క ఉండి, నీళ్లు చూపిచ్చే బాధ్యత ఆ ఒప్పందం ప్రకారం ప్రభుత్వం మీద లేదని తేల్చింది. అది వింటుంటే నాకు 1927 మహద్ చెరువు యాదికొచ్చింది. 1985 కారంచేడు యాదికొచ్చింది. మాదిగలు తాగే నీళ్లను ఖరాబు చేసుడేందని అడిగినందుకే గదా అక్కడ ఆరుగురిని చంపింది.

రాత్రి బువ్వకు గొర్రె కోసిండ్రు. కోసింది అవ్వే. ఎనభై ఏండ్ల మనిషి, చెయ్యి వణకలేదు. తోలు, తలకాయ, నెత్తురు, పేగులు ఏదీ పారెయ్యలేదు. పేగులను కడిగి, కొవ్వు చుట్టూ పేనినట్టు చుట్టి నిప్పుల మీద కాల్చి మొదటి ముక్క నాకు పెట్టింది. నా కొడుకు నా మొఖం చూసిండు, నేను వాని మొఖం చూసిన. బోటి తినేటోళ్లని స్కూల్లో మమ్మల్ని ఎక్కిరించేటోళ్లు. మా స్టాఫ్‌రూములో నేను టిఫిన్ డబ్బా మూత సగమే తెరిచి తినేటోన్ని. ఇక్కడ అదే పేగు అతిథి మర్యాద.

పిండిని నూనెలో వేయించిన రొట్టె కూడా పెట్టిండ్రు. దాని కథ పిల్ల చెప్పింది. 1864లో సైన్యం వీళ్ల మక్క చేన్లు కాలబెట్టి, పండ్ల చెట్లు నరికి, ఎనిమిది వేల మందికి పైగా మనుషులను మూడు వందల మైళ్లకు పైగా నడిపిచ్చుకుంట న్యూమెక్సికోలోని బాస్క్ రెడొండో అనే చోటికి తోలుకపోయింది. నడవలేని ముసలోళ్లు, బాలింతలు దారిలోనే పోయిండ్రు. నాలుగేండ్లు అక్కడ పెట్టిండ్రు. సర్కారు ఇచ్చే మైదా, కొవ్వు తప్ప తినటానికి ఏమీ లేక ఆ రొట్టె పుట్టిందంటరు. ఇప్పుడు పండుగ రొట్టె అయింది. చచ్చిన గొడ్డు మాంసం తుంకలు చేసి ఎండబెట్టుకొని ఏడాదంతా తిన్న జాతికి ఆ కథ విడమర్చి చెప్పనక్కరలేదు.

గోడకు ఒక జత ఎర్రటి చెప్పులు వేలాడుతున్నయి. చెప్పులంటే మడమ పైదాకా కప్పే మెత్తటి జోళ్లు. కింద పచ్చితోలు అట్ట, మీద జింకతోలు. అడిగి చేతిలోకి తీసుకున్న. కుట్టు చూసిన. మా నాయిన తంగేడు చెక్కతో తోలు ఊనేటోడు. ఆ నీళ్ల వాసన నా ముక్కులో ఇంకా ఉన్నది. వీళ్లు ఒక కొండచెట్టు వేరు ఉడకబెట్టి ఆ ఎరుపు రంగు ఎక్కిస్తరట.

"తోలుపని చేసేటోళ్లను మీ దగ్గర ఏమంటరు బిడ్డా?" అని అడిగిన.

"పనితెలిసినోళ్లు అంటం. ఇంకేమంటం?" అన్నది పిల్ల.

వీళ్లకూ ముట్టు లేదని కాదు. చచ్చిన మనిషంటే నవాహోలకు మస్తు భయం. మనిషి లోపల పోతే పాతకాలంలో ఆ హోగన్‌నే వదిలేసేటోళ్లు. శవాన్ని పాతిపెట్టినోళ్లు కడుక్కొని, నాలుగు దినాలు నియమంగా ఉంటరు. నాలుగు దినాల తర్వాత వాళ్లు మళ్లీ అందరిలో ఒకళ్లు. మా తాత ఊరందరికీ బొంద తవ్విండు. ఆయన నాలుగు దినాలు ఇంకా అయిపోలేదు.

తిన్నంక పొయ్యి చుట్టూ కూసున్నం. ఎండకాలమైనా ఎత్తు ప్రాంతం గదా, రాత్రి చలి. కథ చెప్పుమని అడిగిన. నక్క కథలు ఉన్నయని పుస్తకాల్లో చదివిన. అవ్వ తల అడ్డం తిప్పింది. అవి చలికాలం కథలు, ఉరుములు మొదలైనంక చెప్పరాదన్నది. మా వాడు ఫోను తీసి ఫోటో తీసుకోవచ్చా అంటే హోగన్ బయట తీసుకో, నన్ను తియ్యకు అన్నది. కోపం లేదు. కాదన్నది, అంతే.

అప్పుడు ఆమె నా దిక్కు తిరిగి, చెయ్యి ఎదమీద పెట్టుకొని ఏదో పాఠం చదివినట్టు చెప్పింది. పిల్ల తర్జుమా చేసింది. నేను మన మాటలోకి మార్చుకున్న. "నేను చేదునీళ్లోళ్ల దాన్ని. ఎత్తిండ్లోళ్లకు పుట్టిన. అమ్మను కన్న తాత ఉప్పోళ్లు. నాయినను కన్న తాత బురదోళ్లు. నేను ఇట్ల మనిషిని." చెప్పి ఆగింది. నన్ను చూసింది.

"ఇప్పుడు మీరు చెప్పాలె. మీరేమోళ్లు అని అడుగుతున్నది" అన్నది పిల్ల.

నా గుండె ఒక్కసారి ఆగి కొట్టుకున్నది. పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటి వచ్చినా ఈ ప్రశ్న వదల్లేదా? ఫీనిక్స్‌లో తెలుగోళ్ల విందుకు పోతే ఒకాయన "మీదేవూరండీ, ఇంటిపేరేంటి?" అని మొదలుపెట్టి, మా వాడు జవాబు చెప్పకుంటే మాంసం తింటరా అని చుట్టు తిరిగి వచ్చిండు. కులవివక్ష ఈ గడ్డ మీద కూడా నేరమని 2023లో సియాటిల్ నగరం చట్టం చేసింది. అదే ఏడు కాలిఫోర్నియాలో చట్టసభ ఒప్పుకున్న బిల్లును గవర్నర్ వెనక్కి కొట్టిండు. ఈ ప్రశ్న విమానం ఎక్కిందని నాకు తెలుసు. ఎడారిలోకి కూడా వచ్చిందా అనిపించింది. 1986 నాటి అబద్ధం నాలుక మీదికి వచ్చింది కూడా.

అయితే ఒకటి తట్టింది. జీవితంలో నన్ను ఈ ప్రశ్న అడిగినోళ్లు వందల మంది. వాళ్లలో ఒక్కరన్న ముందు తమ సంగతి చెప్పి తర్వాత నన్ను అడిగిండ్రా? ఇంటి ఓనరు చెప్పిండా? హెడ్మాస్టరు చెప్పిండా? వాళ్లు చెప్పనక్కరలేదు, మనమే చెప్పాలె. పోలీసు దొంగను అడిగినట్టు. ఈ అవ్వ ముందు తన నాలుగు దిక్కులూ నా ముందు పరిచింది. బురదోళ్లు అని తల ఎత్తి చెప్పింది. ఆ తర్వాతనే అడిగింది.

ఎందుకు అడుగుతరని పిల్లను అడిగిన. చుట్టరికం కలుస్తదేమో చూడటానికి అన్నది. కలిస్తే ఆ దినం నుంచి అక్కో, చెల్లో, తాతో ఏదో ఒకటి అయిపోతరు. ఇల్లు, తిండి బాధ్యత పడుతది. గోత్రం తల్లి వైపు నుంచి వస్తది. తల్లి గోత్రంలో, తండ్రి గోత్రంలో పెండ్లి చేసుకోరాదు, అందుకూ అడుగుతరు. అరవైకి పైగా గోత్రాలు ఉన్నయి. మెక్సికో దిక్కు నుంచి వచ్చినోళ్ల పేరిట ఒకటి, యూట్ తెగోళ్ల పేరిట ఒకటి. అట్ల వచ్చినోళ్లలో దాడుల్లో పట్టుకొచ్చిన ఆడోళ్లు కూడా ఉన్నరు. అది మంచిపని అని నేననను. వాళ్ల పిల్లల పేరున గోత్రం నిలబడ్డదన్నది మాత్రం చూడాలె.

మిత్రులారా, ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. వాళ్ల ప్రశ్నా, మన ప్రశ్నా చెవికి ఒక్కటే. వాళ్లది ఎవరిని పెండ్లి చేసుకోరాదో చెప్తది. లోపలోళ్లు బయటికి పోయి చుట్టాలను పెంచుకోవాలె. మనది ఎవరిని మాత్రమే చేసుకోవాలెనో చెప్తది. బయటోళ్లు లోపలికి రావద్దు. 1916 మే 9న న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో ఇరవై ఐదేండ్ల అంబేద్కర్ చదివిన వ్యాసం సారం ఇదే. గోత్రం బయట పెండ్లి చేసుకునే జనం మీద కులం లోపలనే చేసుకోవాలెనన్న గోడ కట్టినంకనే కులం పుట్టిందన్నడు. ఆ వ్యాసం మీద నేను ఎన్ని క్లాసులు చెప్పిన్నో లెక్క లేదు. ఆ రాత్రి దాకా అది నాకు వ్యాసమే.

చెప్పిన. అబద్ధం లేకుండ చెప్పిన. "మేము మాదిగోళ్లం. తోలుపని చేసి, డప్పు కొట్టి, ఊరికి బొంద తవ్వినోళ్లం. మా నాయిన ఇంటిపేరు ఇది. మా అమ్మ పుట్టింటి పేరు ఇది. అమ్మమ్మ పుట్టింటి పేరు ఇది." మూడు చెప్పి ఆగిపోయిన. నాయినమ్మ పుట్టింటి పేరు నాకు తెల్వదు. ఎన్నడూ అడగలేదు. చెప్పేటోళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

"మీ వాళ్లలో ఎవరికీ తెల్వదా?" అన్నది అవ్వ.

"ఒకాయనకు తెలుసు" అన్న. ఆ మాట నా నోటి నుంచి ఎట్ల వచ్చిందో.

చదివే వాళ్లలో కొందరికి తెలియదు కాబట్టి చెప్త. మాదిగలకు ఆశ్రిత కులం డక్కలి. ఏడాదికొకసారి వాడకు వచ్చి, బొమ్మల పటం విప్పి జాంబపురాణం చెప్తరు. మాదిగ ముందు పుట్టిండు, భూమి తర్వాత పుట్టిందని ఊరు మీద మాకు ఒక్క గర్వమన్న ఇచ్చింది వాళ్లే. మా గోత్రాలు, మా ముత్తాతలు, ఏ ఆడిబిడ్డ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వచ్చిందీ అన్నీ వాళ్ల నాలుక మీద ఉంటయి. మా వాడకు వచ్చే డక్కలాయన మా నాయినమ్మ పుట్టింటి పేరుతో సహా పాడేటోడు. నేను గోలీలాడుకుంట వినేటోన్ని.

ఆయన ఎక్కడ పండుకునేటోడు? వాడ బయట, యాపచెట్టు కింద. మా ఇంటి గడప దాటరాదు. మేము ముట్టుకోం. మా అమ్మ నా చేతికి చెంబిచ్చి పంపేది. నేను పైనుంచి పోసేటోన్ని. ఆయన దోసిలి పట్టేటోడు.

ఇది చెప్పిన. పిల్ల తర్జుమా చేసుకుంట మధ్యలో ఆగి, సరిగ్గ విన్ననా అని మళ్లీ అడిగింది. సరిగ్గనే విన్నవన్న. అవ్వ ఒక్కటే మాట అన్నది.

"ఎందుకు?"

ఊరోళ్లను ఈ మాట అడగటానికి నేను నలభై ఏండ్లు జెండాలు మోసిన. నన్ను ఎవరూ అడగలేదు. నా దగ్గర జవాబు లేదు. అది ఆచారం అని నోటిదాకా వచ్చింది. దొరలు మాతో అన్నది కూడా అదేనని మింగేసిన. అవ్వ మళ్లీ అడగలేదు. లేచి పొయ్యిలో కట్టె వేసి, గొంగడి చూపించి, తన ఇంటికి పోయింది.

నిద్ర రాలేదు. పొగగొట్టం పక్కన సందులోంచి చుక్కలు కనిపిస్తున్నయి. జేబులో పెట్టుకొచ్చిన ప్రశ్న బయటికి తీసిన. పైసలిచ్చినందుకే ఈ మర్యాదా? మా ఊరి హోటల్లో చాయ్‌కు మేము కూడా పైసలిచ్చినం. అందరిచ్చినంతే ఇచ్చినం. అయినా మా గ్లాసు వేరే, తాగి మేమే కడిగి పెట్టాలె. పైసలకు మర్యాద రాదని మాకంటె ఎక్కువ ఎవరికి తెలుసు? ఈ ఇంట్లో పైసలకు వచ్చింది పడక, బువ్వ. కథ అడిగితే ఇయ్యలేదు, ఫోటో అడిగితే ఇయ్యలేదు. అవి అమ్మకానికి లేవు. అవ్వ కాదనగలిగింది, మా తాత కాదనలేకపోయిండు. డప్పు కళో వెట్టో తేల్చేది శాలువా కాదు, కొట్టనని చెప్పి బతికి ఉండగలుగుడు. నేను దొరనా కాదా అని కారులో భయపడ్డ గదా. ఈ ఇంట్లో కాను. ఆ యాపచెట్టు కింద అయిన.

మాకు మా వాటా కావాలెనని 1994 నుంచి దండోరాలో తిరిగిన. మాదిగల ఆకలి మాలలకు పట్టదా అని సభల్లో గొంతు చించుకున్న. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చన్న దినం మిఠాయి పంచిన. ఆ డిమాండు న్యాయమే, ఈ రోజూ అంటున్న. కాని ఆ ముప్ఫై ఏండ్లలో ఒక్కసారి కూడా, మా కింద ఉన్న డక్కలోళ్లు ఏమయిండ్రని నన్ను నేను అడుక్కోలేదు. 2022లో కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వస్తే మన తెలంగాణ కళాకారుడని అందరితో పాటు సంబరపడ్డ. ఆయన డక్కలాయన అని తెలుసు. తెలిసి కూడా నాకు మా యాపచెట్టు యాదికి రాలేదు. మెట్ల మీద పైనోన్ని చూసి కోపగించుకునుడు సులువు. కిందోడు మన కాలు కిందనే ఉంటడు, తల వంచితే తప్ప కనపడడు.

పొద్దున పొద్దు పొడవకముందే తలుపు ముందర అవ్వ తూర్పు ముఖం నిలబడ్డది. దండం పెట్టుకుంటున్నదని తెలిసి నేను లోపలనే ఉండిపోయిన. మన చూపు పడకూడని వాటి మీద చూపు పడనియ్యకపోవుడు కూడా చుట్టపు మర్యాదనే. నీలిమక్క పిండి జావ కాచింది. అందులో జూనిపర్ చెట్టు ఆకుల బూడిద కలుపుతరు. మా వాడు పైసలు పిల్ల చేతికిచ్చిండు. ఆమె లెక్కపెట్టుకొని తీసుకున్నది, సిగ్గు లేదు, మొహమాటం లేదు.

కారెక్కేటప్పుడు అవ్వ నా చెయ్యి మెల్లగ ముట్టి విడిచి ఒక మాటన్నది. "నాలుగోది తెలుసుకొని రమ్మంటున్నది" అని పిల్ల చెప్పింది.

ఇండియాకు తిరిగొచ్చినంక వెతికిన. ఆ డక్కలాయన పోయి చాలా ఏండ్లయింది. ఆయన మనుమడు పట్నం అంచున ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు అమ్ముకుంటున్నడు. పటం పాతబడి చినిగిపోయిందట. కథ మాత్రం కొంత వస్తదన్నడు. ఇంటికి రమ్మని బతిమాలితే ఒక ఆదివారం వచ్చిండు. వచ్చి గడప దగ్గర ఆగిపోయిండు. ఎవరూ ఆపలేదు. నాకు తెలుసు ఆ కాలు ఎట్ల ఆగుతదో.

లోపలికి రా తమ్మీ అన్న. చెయ్యి పట్టుకొని తెచ్చి, తలుపుకు ఎదురుంగ కూసోబెట్టిన. నా భార్య నీళ్లు తెచ్చి చెంబు చేతికిచ్చింది. ఆయన తాగలేదు, పట్టుకొని కూసున్నడు. నేను ఆత్రంగా "మా నాయినమ్మ పుట్టింటి పేరు తెలుసా?" అని అడిగిన.

ఆయన కొంచెంసేపు ఊకున్నడు. "చెప్త సారూ. మీ వంశం మొత్తం మా తాత నోట్లో ఉండె. నేను కూడ కొంత నేర్చిన. మరి మా తాత పేరేందో నీకెరుకనా?"

నాకెరుక లేదు. చిన్నప్పటి నుంచి డక్కలోడు అనే పిలిచినం. పదేండ్ల నా చేతి నీళ్లు తాగిన ముసలాయనకు ఒక పేరుంటదని నాకు తట్టలేదు. అవ్వ దగ్గర చూసి కూడా, ముందు నా సంగతి చెప్పి తర్వాత అడగాలెనన్న సోయి రాలేదు. ఇంటి యజమాని లెక్కనే అడిగిన.

తప్పయిందన్న. ముందు నేను చెప్పిన, అవ్వ చెప్పినట్టు. నాకు తెలిసిన మూడు ఇంటిపేర్లు, మా తాత పేరు, నేను నీళ్లు ఎట్ల పోసిన్నో అది కూడా చెప్పిన. ఆయన విన్నడు. అప్పుడు తన తాత పేరు చెప్పిండు, వాళ్ల ఇంటిపేరు చెప్పిండు. ఆ తర్వాత మా నాయినమ్మ పుట్టింటి పేరు చెప్పిండు. నీళ్లు తాగిండు.

ఆ పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్న. ఇక్కడ అచ్చు వెయ్యటం లేదు. వెయ్యమంటవా అని అడిగితే, ఆలోచించి చెప్త అన్నడు.